మీగడ రంగు షామియానా

“అన్నా, ఈ ఫోటోల మా అక్క ఎట్లున్నదో జూసి చెప్పు.”

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని టెంట్‌హౌస్‌లో గల్లాపెట్టె మీద ఫోన్ పెట్టి నిలబడింది శ్రీహిత. గల్లా వెనకున్న అభిషేక్ చూశాడు. కాబోయే పెళ్లికూతురి ముఖం ఆకుపచ్చగా ఉంది. పక్కనున్న పెళ్లికొడుకూ, అక్షింతలు వేస్తున్న పంతులూ అదే రంగులో ఉన్నారు.

“గోరింటాకు రుబ్బి పూసినట్టున్నది,” అన్నాడు నిజాయితీగా. ఆ నిజాయితీ అతని వ్యాపారానికి ఎప్పుడూ కలిసిరాలేదు.

“అది మీ షామియానానే. పోయిన ఆదివారం, సంతోష్‌నగర్‌ల ఎంగేజ్‌మెంట్.”

అతనికి గుర్తొచ్చింది. ఆ రోజు ముహూర్తాలు ఎక్కువై మంచి గుడ్డలన్నీ బయటికి వెళ్లిపోతే, మిగిలిన ఆకుపచ్చదాన్నే వాళ్లకు కట్టించాడు. నడి ఎండ అందులోంచి దిగి అందరి ముఖాల మీదా పడింది.

“ఎండకు గట్లనే ఐతది మేడమ్. లైట్ తీస్కోండ్రి.”

“మా అక్కకు చెప్పు లైట్ తీస్కోమని. సంబంధాలు చూసుడు మొదలైనప్పటి సంది పిల్ల నలుపు, పిల్ల నలుపు అని వింటనే ఉన్నది పాపం. ఇప్పుడు ఇవి జూసి పెండ్లిల కెమెరానే వద్దంటున్నది. పెండ్లి గూడ పగటిపూటనే. ఏం కలర్ కడ్తవో చెప్పు.”

ఆ ఆకుపచ్చ పోతుందేమో అన్నట్టు ఫోన్‌లోని అక్క ముఖాన్ని వేలితో తుడిచింది. లొల్లికి సిద్ధంగా ఉన్న అభిషేక్ కాస్తా మెత్తబడిపోయాడు.

“చెప్పుడు కాదు, కట్టి చూపిస్త. రేపు మీ అక్కను తీస్కొని రా.”

“రాదు. నేనే కూసుంట. మా ఇద్దరిది ఒకటే రంగు.”

మర్నాడు మధ్యాహ్నం టెంట్‌హౌస్ మేడ మీద నాలుగు వెదురు బొంగులు లేచాయి. మెట్ల గది నీడలో అతని నాయనమ్మ నాగమణమ్మ చిరిగిన పరదా కుట్టుకుంటోంది. శ్రీహిత వచ్చి కుర్చీలో కూర్చుంది. అభిషేక్ పైన ఎర్రగుడ్డ కట్టాడు.

“జ్వరమొచ్చినట్టున్నవ్.”

పసుపు గుడ్డ కట్టాడు.

“కామెర్లు.”

నీలం కింద ఆమె చలికి బిగుసుకుపోయినట్టుందన్నాడు. శ్రీహితకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

“నీ నోట్లకెల్లి ఒక్క మంచి మాట రాదా?”

“నేను గుడ్డ గురించి చెప్తున్న.”

“మరి నా గురించి?”

అతను తాడు ముడి వేస్తున్నాడు. ఆ ముడి ఊడి, నీలం గుడ్డ ఇద్దరి నెత్తి మీదా పడింది. దాని కింద ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, అవసరం లేనంత సేపు అలాగే ఉండిపోయారు. బయట నాగమణమ్మ దగ్గింది.

అక్కకు చూపించడానికి ప్రతి గుడ్డ కిందా శ్రీహిత ఫోన్‌తో అతనే ఫోటోలు తీశాడు.

ఆ తర్వాతి రోజు అక్క ప్రీతే స్వయంగా మేడ ఎక్కింది. వెనక తలొంచుకుని శ్రీహిత.

“ఇవి తీసింది నువ్వేనా?” అంది ప్రీతి. “అన్నిట్ల దీని మొఖమే ఉన్నది. గుడ్డ ఏదయ్యా?”

అభిషేక్ ఫోన్ తీసుకుని చూశాడు. నిజమే. ఒక్క ఫోటోలోనూ షామియానా అంచైనా లేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి, ఎర్రగుడ్డ అవసరం లేకుండానే.

“తప్పైంది మేడమ్. మళ్లా తీస్త.”

“వద్దు. ఎర్రగున్నా, నీలంగున్నా నా చెల్లె ఎంత మంచిగున్నదో జూడు. మా ఇద్దరిది ఒకటే రంగు గదా. ఇది గింత మంచిగుంటే నేనెందుకుండ? కెమెరా రానీ.”

శ్రీహిత అక్కను గట్టిగా పట్టుకుంది. తర్వాత ప్రీతే కుర్చీలో కూర్చుని గుడ్డలన్నీ కట్టించుకుని చూసుకుంది. పైన మీగడ రంగు, చుట్టూ గులాబీ అని తేల్చింది.

పెళ్లిరోజు ఎండ ఆ మీగడ గుడ్డలోంచి మెత్తగా దిగింది. ప్రతి ఫోటోలో ప్రీతి తలెత్తి నవ్వింది.

షామియానా తిరిగొచ్చిన రోజు ఆ ఫోటోలు చూపించే నెపంతో శ్రీహిత కూడా వచ్చింది. అభిషేక్ మేడ మీద గుడ్డ ఆరేస్తున్నాడు. నాగమణమ్మ యథాప్రకారం సూదీ దారంతో ఉంది.

“గా రోజు నీ గురించి అడిగినవ్ గదా,” అన్నాడతను.

“యాదికున్నదా?”

“ఏ గుడ్డ కింద కూసున్నా నువ్వు మంచిగనే కనబడ్డవ్. జ్వరం, కామెర్లు అన్నీ ఉత్తగ చెప్పిన. నువ్వంటే నాకు మస్తు ఇష్టం.”

శ్రీహిత నోరు తెరిచేలోపే మెట్ల గదిలోంచి నాగమణమ్మ గొంతు వినిపించింది.

“అరేయ్, గా మీగడ గుడ్డ ఇంక ఎవరికీ కిరాయికియ్యకు. మంచిగ మడతపెట్టి నా పెట్టెల పెట్టు. మనింట్ల పనున్నది.”

శ్రీహిత గుడ్డ రెండో కొస అందుకుంది. ఇద్దరూ కలిసి మడత పెట్టారు. చివరి మడతలో చేతులు కలిశాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“పైన ఇదే ఉండనీ అభిషేక్,” అంది. “చుట్టూ గులాబీ మాత్రం వద్దు. అది అక్కది. నాకు వేరే రంగు చూపియ్యి.”