ఐసు ఫ్యాక్టరీ మలుపు

ఆ దీవిలో ఉన్నది ఒక్కటే రోడ్డు. ఆ రోడ్డుకి ఒక్కటే చెడ్డపేరు – పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీ మలుపు. చీకటి పడ్డాక అటు వెళ్ళే బండి ఏదైనా సరే... అక్కడికి రాగానే ఆగిపోతుందట. దానంతట అదే!

ఇది నాకు చెప్పింది మా పిన్ని. బాబాయి కూడా చెప్పాడు గానీ ఆయన చెప్పేదాంట్లో సగం గొప్పలు, సగం దగ్గులు. అందుకని పిన్ని చెప్పినట్టే చెబుతాను.

ముందు బాబాయి కాలి సంగతి తెలియాలి. ఆయనది డ్రైవింగ్ స్కూలు. ఇరవై రెండేళ్ళుగా నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుని బతికిన మనిషి. ఆ కారుకి పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, శిష్యుడు గోడ మీదికి పోతుంటే గురువుగారు తొక్కడానికి. తొక్కీ తొక్కీ ఆ కాలు ఆయన మాట వినడం మానేసింది. బస్సెక్కితే బస్సు నేలని తొక్కుతుంది. టీవీలో కారు జోరుగా వస్తే ఎదురుగా ఉన్న టీపాయిని తంతుంది.

ఊరందరికీ స్టీరింగు అప్పగించిన ఈ మహానుభావుడు పెళ్ళానికి మాత్రం అప్పగించలేదు. చివరికి పిన్ని పక్కవీధి స్కూల్లో చేరి, లైసెన్సు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"మన స్కూల్లో ఆడవాళ్ళకి నేను నేర్పుతాను" అంది.

బాబాయికి పొలమారింది. "నువ్వా? ప్రాణాలతో పని అది."

"అందుకే నేను నేర్పుతానంటున్నాను."

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఇద్దరూ కలిసి సరదాగా ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఈ వంకన దీవి ప్రయాణం, దాని మీద పందెం రెండూ కుదిరాయి. దీవిలో బస దాకా స్కూలు కారు పిన్నే నడపాలి. ఆమె పొరపాటు వల్ల దారిలో బండి ఆగితే ఆమె ఓడినట్టు. ఆయన కాలు బ్రేకు మీద పడితే ఆయన ఓడినట్టు. ఆయన ఓడితే స్కూల్లో గురువుగారి సీటు పిన్నిది.

పొద్దున్నే బయల్దేరారు. బాబాయి రెండు కాళ్ళూ పైకి లాక్కుని, సీట్లో మఠం వేసుక్కూర్చున్నాడు. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా తన బొటనవేలు తనే గట్టిగా పట్టుకునేవాడు. పిన్ని మాత్రం కూనిరాగాలు తీస్తూ నడిపింది. వాన వచ్చింది, వెలిసింది. కొబ్బరిబొండాల దగ్గర ఆగి తలా రెండు తాగారు. అంత హుషారుగా ఆయన్ని చూసి ఎన్నేళ్ళయిందో అంటుంది పిన్ని.

పొడుగాటి వంతెన దాటితే దీవి. వంతెన చివర టీ కొట్టు. కొట్టాయన గ్లాసులు అందిస్తూ గొంతు తగ్గించాడు.

"అమ్మా... ఐసు ఫ్యాక్టరీ మలుపు వెలుతురుండగానే దాటేయండి. అక్కడ పనిచేసే ముసలాయన ఒకాయన చివరి వ్యాను అందక ఐసు గదిలోనే పోయాడు. ఇప్పటికీ ఇంటికెళ్ళాలని బండ్లు ఆపుతుంటాడు. ఆగితే ఏం మాట్లాడకండి. వెనక తలుపు తీసి వేసేయండి, ఎక్కుతాడు. రోడ్డు చివర మళ్ళీ తీసి వేయండి... దిగిపోతాడు."

బాబాయి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఇంకో టీ చెప్పాడు. తర్వాత ఇసకలో నడుద్దామన్నాడు, గవ్వలేరుదామన్నాడు. తీరా బండెక్కేసరికి చీకటి పడిపోయింది.

రోడ్డు మీద మరో బండి లేదు. రెండు పక్కలా కొబ్బరిచెట్లు. లైట్ల వెలుగులో పొడుగాటి గోడ ఒకటి మొదలైంది... దాని చివర పెద్ద ఇనప తలుపులు, సగం తెరిచి.

"చల్లగా లేదూ?" అన్నాడు బాబాయి మెల్లగా.

"సముద్రపు గాలి" అంది పిన్ని. కానీ అంతదాకా ఆ గాలి వెచ్చగానే ఉంది.

మలుపు తిరిగారు. బండి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది... ఆగిపోయింది.

ఇంజను నడుస్తూనే ఉంది. బండి మాత్రం ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు నిలబడిపోయింది.

"నువ్వు... ఆపావా?"

"లేదు. మీరు?"

బాబాయి మొహం అటు తిప్పుకున్నాడు.

పిన్నికి కొట్టాయన మాట గుర్తొచ్చింది. కిందికి దిగింది. వెనక తలుపు తీసింది. ఎవరూ లేరు. ఒక్క నిమిషం అలాగే నిలబడి, తలుపు వేసింది. వేస్తుంటే కాస్త బరువుగా అనిపించిందట. వచ్చి కూర్చుని గేరు వేస్తే బండి బుద్ధిగా కదిలింది.

రోడ్డు చివరే బస. బండి నిలిపీ నిలపగానే గదిలోకి పరుగెత్తి గడియ వేసుకున్నారు.

తెల్లవారాక, ఒడ్డున నడుస్తూ బాబాయి తనే బయటపడ్డాడు.

"నేనే తొక్కాను. ఆ తలుపులు చూడగానే భయమేసి కాళ్ళు కిందికి దిగిపోయాయి. బ్రేకు నేలకంటుకునేదాకా తొక్కాను. మాట్లాడకుండా ఊరుకుంటే తప్పు నీ మీదికి పోతుందిలే అనుకున్నాను... రాత్రంతా నిద్ర పట్టలేదు. నేను సీట్లోంచి కదల్లేకపోయాను, నువ్వు దిగి తలుపు తీశావు. ఆ సీటు నీదే. నేను ఓడిపోయాను."

పిన్నికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

అప్పట్నుంచీ ఇంటికి ఎవరొచ్చినా బాబాయి ఈ కథ చెప్పి, దెయ్యం లేదు గియ్యం లేదు, అదంతా నా కాలే అని నవ్వుతాడు. మేమూ నవ్వుతాం.

పోయిన నెల నేనూ పిన్ని దగ్గర డ్రైవింగులో చేరాను. ఒక సాయంత్రం బండి పక్కకి ఆపించి, పిన్ని తన కాలి దగ్గరున్న బ్రేకు చూపించింది.

"మీ బాబాయి కాలి సంగతి నాకు తెలీదంటావా? దీవికి బయల్దేరే ముందురోజే మెకానిక్‌తో దీన్ని అసలు బ్రేకుకి కలిపే కడ్డీ విప్పించేశాను. వచ్చాక మళ్ళీ బిగించాడు. ఆయన ఆ రాత్రి ఎంత తొక్కినా ఉత్తదే."

"అంటే... బండి ఆపింది బాబాయి కాదా?"

"కాదు."

"నువ్వు?"

"నా కాలు బ్రేకు దరిదాపుల్లో లేదు."

"మరి ఎవరు పిన్నీ...?"

"ఎవరో, పాపం. నాకీ సీటు ఇప్పించింది ఆయనే. బాబాయికి మాత్రం చెప్పకు." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. "ఒక్కటే బాధ. ఎక్కించుకున్నాం గానీ... ఆ కంగారులో దింపడం మరిచిపోయాం."

పిన్ని ఒక్కసారి గొంతు సవరించుకుని, మళ్ళీ మామూలు టీచరమ్మ అయిపోయింది.

"సరే, బయల్దేరు. ముందు అద్దంలో వెనక సీటు వైపు చూసుకో."

ఇప్పటికీ చూడలేదు నేను.