ఎవరి ఆరు గంటలు?

"గంట ఆలస్యం. కొట్టు కట్టేశాం," అంది హిల్లా, షట్టర్ సగం దించుతూ.

"అయిదు కొట్టకముందే వచ్చా కదా!"

"అది నీ దేశంలో."

నిజమే. మాది స్వీడన్‌లో హాపరాండా, ఆమెది ఫిన్లాండ్‌లో టోర్నియో. మధ్యలో ఒక్క వంతెన. వాళ్ల గడియారం మాకంటే గంట ముందు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా నాకిది తలకెక్కలేదు. ఆ రోజు మంచు మీద జారే స్కీల జతలో విరిగినదాన్ని బాగుచేయించడానికి వెళ్లినవాణ్ణి, మర్నాడు బాగున్న రెండోది కూడా కావాలనే విరగ్గొట్టి పట్టుకెళ్లాను.

ప్రేమలో పడి ఏడాది తిరిగేసరికి మేం దెబ్బలాడుకోని రోజు లేదు.

"మా దగ్గర జీతాలెక్కువ," అనేవాణ్ణి.

"మీ పిల్లలతో ఆడుకోడానికొచ్చిన పిల్లాణ్ణి గదిలో కూర్చోబెట్టి మీరు మాత్రం తింటారటగా! ఆ జీతాలేం చేసుకుంటారు?"

"ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉండేది మీరేనట. ఒక్క మొహంలోనూ నవ్వు కనపడదేం?"

"సంతోషాన్ని మొహానికి పూసుకు తిరగాలా?"

మా అమ్మ గున్‌బ్రిట్ ఇంకో అడుగు ముందుకేసింది. ఫ్రిజ్ మీద పట్టిక అంటించింది. ఒక పక్క స్వీడన్, ఒక పక్క ఫిన్లాండ్. జీతం, పిల్లలు పుడితే సెలవు, బస్సులు, బడి. గెలిచిన వైపు టిక్కు. ఫిన్లాండ్‌కి దక్కింది బడి ఒక్కటే.

"పెళ్లయ్యాక ఆ పిల్లే ఇటు రావాలి. బాగుపడుతుంది," అంది.

బుద్ధి లేక ఆ మాట హిల్లాకి ఫోన్లో చెప్పేశాను.

"బాగుపడటానికి నేనేం పాడైపోయానా, హెన్నింగ్?" అంది. "రేపు ఆరింటికి వంతెన మీదికి రా. రాకపోతే ఇంతటితో సరి."

పెట్టేసింది. ఎవరి ఆరు? మళ్లీ ఫోన్ చేసి అడిగే ధైర్యం లేదు. ఈసారైనా ఆమె గడియారమే చూద్దామనుకున్నాను.

మా అయిదింటికల్లా, అంటే ఆమె ఆరింటికి, వంతెన మధ్యలో నిలబడ్డాను. అక్టోబరు వాన చెంపలు వాయిస్తోంది. పావుగంట. అరగంట. రాలేదు. పోగొట్టుకున్నాననుకుంటే ఏడుపొచ్చింది. అయినా కదల్లేదు. పొమ్మని ఆమె నోటితో చెప్పేదాకా పోనంటే పోను!

సరిగ్గా మా ఆరింటికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఇదేంటి, ఇలా తడిసి ముద్దయ్యావ్?"

"ఆరింటి నుంచీ ఇక్కడే ఉన్నా. నీ ఆరు."

"నేను నీ ఆరుకి వచ్చాను మొద్దూ! ఎలాగూ నీ గడియారమే చూస్తావని..."

మాట పూర్తికాకుండానే ఆమెకి నవ్వొచ్చేసింది.

"అదిగో! ఫిన్లాండ్ నవ్వింది!"

"నోర్ముయ్," అంటూ నా తడి కోటు గట్టిగా పట్టుకుంది.

తిన్నగా మా ఇంటికి వెళ్లాం.

"వస్తానందా?" అమ్మ నన్నడిగింది.

"రానండీ," హిల్లాయే చెప్పింది. "నా కొట్టు వదలను, నా ఊరు వదలను. మీ పట్టిక ఏం చెప్పినా సరే."

నేను పెన్ను తీసి పట్టిక అడుగున ఇంకో వరస రాశాను: హిల్లా. ఫిన్లాండ్ వైపు పెద్ద టిక్కు పెట్టాను.

"మనం ఓడిపోయామమ్మా. నేనే వంతెన దాటుతున్నా. ఉద్యోగానికి రోజూ ఇటొస్తాలే."

అమ్మ ఫ్రిజ్ దగ్గరికెళ్లింది. పట్టికని పీకి మడిచి సొరుగులో పడేసింది.

"ఆదివారం భోజనానికి రండి, ఇద్దరూ. పన్నెండింటికి," అంది బింకంగా.

"ఎవరి పన్నెండండీ?" అంది హిల్లా, అంతకన్నా బింకంగా.

అమ్మ సొరుగు మూసేసింది.

"నీదే. కడుపు ఖాళీగా పెట్టుకుని రా."