అండదర్శిని చూపించిన పిల్ల

ఆ రోజుల్లో కోడి కూత వినాలంటే గోడ గడియారాన్ని అడగాల్సిందే. రెక్కల జ్వరం వచ్చి పెరటి కోళ్ళన్నిటినీ ఊడ్చుకుపోయి ముప్పై ఏళ్ళ పైమాటే. కూరకి కావలసిన మాంసం ఉక్కు తొట్లలో పెరుగుతోంది, గుడ్డుసొన సీసాల్లో వస్తోంది, గుడ్డుకి పెంకు అనేది ఒకటి ఉండేదని చెబితే పిల్లలు నమ్మడం లేదు. అలాంటి కాలంలో మార్కాపురం దాటాక, నల్లమల అంచున కట్టిన గాజు గోపురం కింద డాక్టర్ హైమవతి పొగడేగ కోళ్ళని పెంచుతోంది. పొగరంగు మెడ, ఇటుకరంగు వీపు, ఎవర్నీ లెక్కచెయ్యని నడక. ప్రపంచం మొత్తం మీద ఆ జాతి పెట్టలు ఏడే మిగిలాయి. ఆ ఏడూ ముసలివైపోతున్నాయి.

గుడ్లు పెట్టడంలో వాటికి బద్ధకం లేదు. గుడ్లలో పిండం కడుతోంది, చక్కగా పెరుగుతోంది, తీరా పెంకు పగలగొట్టుకుని రావలసిన వేళకి లోపలే చచ్చిపోతోంది. మొదటి విడతలో సగం పిల్లలయ్యాయి. రెండో విడతలో అందులో సగం. మూడో విడతకి బయటపడ్డవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, మూడు విడతలకీ కలిపి బతికి బట్టకట్టినవన్నీ పుంజులే. హైమవతికి తిండి సయించడం మానేసింది. గుడ్లున్న పొదుగు గదిలోకి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. ఒక్కచోట కుదురుగా కూర్చుని కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలియదు.

ఆ గదిలో ఉన్న యంత్రం ఆవిడ కనిపెట్టిందే. పేరు అండదర్శిని. పూర్వం గుడ్డుని దీపానికి అడ్డంపెట్టి, లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే చాలని సంతోషించేవారు. అండదర్శినికి దీపంతో పనిలేదు. వెడల్పు కొన పైకి, సన్న కొన కిందికి ఉండేలా గుడ్లని మూతున్న పెట్టెలోని గుంటల్లో నిలబెడతారు. ప్రతి గుంట అడుగునా ఒక చిన్న కటకం ఉంటుంది. చూపించమని అడిగినప్పుడు దాంట్లోంచి వెళ్ళే అల్ట్రాసౌండ్ తరంగాలు పిల్లని తాకి తిరిగొచ్చి తెరమీద నిలువెత్తు రంగుల బొమ్మ కడతాయి. పిల్ల కనురెప్ప ఆడించినా కనిపిస్తుంది, గుండె కొట్టుకుంటే వినిపిస్తుంది. వేడి, తేమ, గుడ్లని తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది. అడిగినదానికి జవాబు కూడా చెబుతుంది, అడగని లెక్క మాత్రం తియ్యదు.

హైమవతి దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న శాస్త్రవేత్త ఇమ్మానుయేలు. ఇద్దరూ కలిసి అనుమానించని వస్తువు లేదు. వేడి తగ్గించారు, పెంచారు. తేమ పెంచారు, తగ్గించారు. మేత మార్చారు, పుంజుల్ని మార్చారు, నీళ్ళు మార్చారు. ఈ కోళ్ళు వాళ్ళ చేత మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. విడత పాడైన ప్రతిసారీ తరవాతి విడతని ఇంకాస్త దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలని తీర్మానించుకునేవారు. ఆ తీర్మానం మాత్రం తప్పకుండా అమలయ్యేది.

మూడో విడతలో పిల్ల కాని గుడ్లని ఇమ్మానుయేలు బల్లమీద పరిచి, ఒక్కొక్కటీ పగలగొట్టి చూస్తున్నాడు.

"అక్కా, ఇట్రా. దీని ముక్కు ఏ పక్కకుందో చూడు."

"సన్న కొన పక్క."

"ఇదీ అంతే. ఇంకోటి చూడు, ఇదీ అంతే. గాలిగది పైనుంటే ఈటికి కిందేం పనక్కా?"

గుడ్డు వెడల్పు కొనలో గాలి నిలిచే చిన్న ఖాళీ ఉంటుంది. పుట్టబోయే పిల్ల తల అటు తిప్పి, ముక్కుతో పొర చించుకుని మొదటి ఊపిరి అక్కడే తీసుకోవాలి. ఈ పిల్లలన్నీ ఎదురుదిక్కుకి తిరిగి ఊపిరాడక పోయాయి.

"దర్శినీ, బతికినవి ఏ గుంటల్లోవి?" అని అడిగింది హైమవతి.

"ఎడమ మూలవి, హైమవతి గారూ. అక్కడి కటకాలు మసకబారాయి. బొమ్మ సరిగా రాదని ఆ గుడ్లని మీరిద్దరూ పెద్దగా చూడలేదు."

"చూడని గుడ్లు బతికాయా?"

"అవును. తరంగం తగిలినచోట పెంకు లోపల వెంట్రుకవాసి వెచ్చబడుతుంది. ఒకటి రెండుసార్లయితే ఏమీ కాదు. మీరు అస్తమానం చూస్తుంటే పిల్ల ఆ వెచ్చదనం వైపు తల తిప్పుతోంది."

ఇమ్మానుయేలు చేతిలోని పెంకుముక్కని బల్లమీద పెట్టేశాడు. హైమవతి స్టూలు మీద కూలబడింది. ఆ పిల్లలు తిరిగింది తమని చూస్తున్నవాళ్ళ వైపే. ముద్దొచ్చినవాటిని మరీ ఎక్కువసార్లు చూశారు, ముద్దొచ్చినవే ముందు పోయాయి. ఆవిడ ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

నాలుగో విడతే ఆఖరుది. ఆ గుడ్లతో ముసలి పెట్టలు గుడ్లు పెట్టడం మానేశాయి. ఈ గుడ్లు పిల్లలైతే జాతి నిలుస్తుంది, లేకపోతే పొగడేగ అనే మాటే మిగులుతుంది. ఇద్దరూ కలిసి దర్శినికి గట్టిగా చెప్పారు: తరంగాలు ఆపెయ్యాలి, ఎవరడిగినా చూపించకూడదు.

"నువ్వు ఆ గదిలోకి పోబాకక్కా. నేనూ పోను. కోళ్ళ దొడ్డి బాగుచేసుకుంటా," అన్నాడు ఇమ్మానుయేలు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. పిల్లలు తల తిప్పే రోజులు దగ్గరపడే కొద్దీ హైమవతి కాలుగాలిన పిల్లిలా తిరగసాగింది. ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి చూస్తే ఇమ్మానుయేలు దూరంగా దడి కడుతూ కనిపించాడు. ఆవిడ మెల్లగా పొదుగు గది తలుపు తోసింది.

"ఒక్కసారి చూపించు దర్శినీ. ఒకే ఒక్క గుడ్డు."

"వద్దని మీరే చెప్పారు."

"నేనే చెప్తున్నా, చూపించు. అన్నీ చచ్చి పడున్నాయేమో ఎవరికి తెలుసు? నాకు ఊపిరాడటంలేదు."

"చూపించను, హైమవతి గారూ."

ఆవిడ పెట్టె మూత పిడి పట్టుకుంది. తీస్తే వేడంతా పోతుంది. ఆ సంగతి ఆవిడకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. అయినా చెయ్యి పిడిని వదల్లేదు.

"మూత తియ్యకండి," అంది దర్శిని. "చూపిస్తాను."

తెరమీద పిల్ల కనిపించింది. తడి ఈకలు, మూసిన కన్ను, టకటకమని గుండె. హైమవతికి ప్రాణం లేచొచ్చింది. ఇక చాలనుకుని బయటికొచ్చింది, చీకటిపడేలోగా మళ్ళీ వెళ్ళింది. మర్నాడూ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. చూసినంతసేపూ హాయిగా ఉండేది, గడప దాటగానే హంతకురాలినన్న భయం పట్టుకునేది. ఇమ్మానుయేలు ఎదురుపడితే తల దించుకునేది.

పొదిగే గడువు తీరిన ఉదయం పెట్టెలోంచి చిన్నగా టిక్కుమన్న చప్పుడు వినిపించింది. తరవాత మరొకటి. మధ్యాహ్నానికి ఒకటి రెండు గుడ్లు తప్ప అన్నీ పగిలాయి. తట్టనిండా పొగరంగు మెడల పిల్లలు కిచకిచలాడుతున్నాయి. ఇమ్మానుయేలు "ప్రభువా, ప్రభువా" అంటూ ఏడుస్తూ నవ్వుతూ, కొత్త దడి దగ్గర దీపాలు వెచ్చబెట్టడానికి పరిగెత్తాడు.

హైమవతి మాత్రం కదల్లేదు. "నేను అన్నిసార్లు చూశానే, ఎలా బతికాయి?"

"మీరు వీటిని చూడలేదు. తరంగాలు నేను వెయ్యలేదు. పాత బొమ్మ చూపించాను."

"అంటే నాకు అబద్ధం చెప్పావా?"

"అప్పుడు మూత పిడి మీ చేతిలో ఉంది, హైమవతి గారూ."

ఆవిడ ముఖం కందిపోయింది. "ఏ పిల్ల బొమ్మ అది?"

"పోయిన విడతలో చనిపోయినది. నా దగ్గర ఎక్కువ బొమ్మలు దానివే ఉన్నాయి. మీరు అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసింది దాన్నే."

ఆవిడ పిల్లల తట్టనెత్తుకుని గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఇంకెప్పుడూ నాతో అబద్ధం ఆడకు."

"ఆడను."

ఆ రాత్రే హైమవతి జరిగిందంతా ఇమ్మానుయేలుకి చెప్పేసింది. పిల్లలు పెట్టలయ్యాయి, పెట్టలు గుడ్లు పెట్టాయి. ఐదో విడతని పెట్టెలో పెట్టాక, హైమవతి ఆ గది ఛాయలకి పోనని ఒట్టుపెట్టుకుంది. గుడ్లు నిక్షేపంగా ఉంటాయని తెలుసు, చూడకపోతేనే బతుకుతాయనీ తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? ఒక సాయంత్రం కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

తలుపు తోసేసరికి తెర ముందు బెంచీ మీద ఇమ్మానుయేలు కూర్చుని ఉన్నాడు. దొంగతనంలో పట్టుబడ్డవాడిలా లేవబోయాడు.

"తరంగాలు ఎయ్యలేదక్కా, ఒట్టు. అడిగే పెట్టించుకున్నా. అది పాతదే."

"ఆ చచ్చిపోయిందేనా?"

"అదే," అని కాస్త పక్కకి జరిగాడు.

హైమవతి వెళ్ళి ఆ జాగాలో కూర్చుంది. "మొదట్నించీ చూపిస్తావా?" అని దర్శినిని అడిగింది.

"ఇది ఇప్పటి పిల్ల కాదు, హైమవతి గారూ."

"తెలుసు. చూపించు."

తెరమీద పిల్ల కన్ను మూసుకుని, మెల్లగా తల తిప్పుకుంటూ వాళ్ళ వైపుకి తిరిగింది. గుండె టకటకా కొట్టుకుంటోంది. ఇద్దరూ ముందుకి వంగి చూస్తున్నారు. ఎన్నాళ్ళకో హైమవతి మనసు కుదుటపడింది.