హనుమాయమ్మ టీవీలో చుక్కలు

మధ్యాహ్నం మూడు గంటలకు సంతోషి డాబా మీద యాంటెన్నా పైపును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కింద కిటికీలోంచి వాళ్లమ్మ అరుణమ్మ కేకలేస్తోంది. ఇంకొంచెం తిప్పమంటుంది, చాలంటుంది, అంతలోనే బొమ్మ పోయిందంటుంది. సంతోషి చేతుల నిండా తుప్పు. ఎండకు మాడు కాలిపోతోంది.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బడులు లేవు, బస్సులు లేవు. ఎల్బీనగర్‌లో వాళ్ల గల్లీకి వచ్చే కేబుల్ వైరు తెగి పది రోజులైంది. అందుకే నాయిన మట్టయ్య అటక మీది పాత యాంటెన్నాను దించి డాబా మీద నిలబెట్టాడు. దాన్నుంచి రెండు వైర్లు లాగాడు. ఒకటి పై ఇంట్లో తమ టీవీకి, ఇంకోటి కింద కిరాయికుండే హనుమాయమ్మ టీవీకి.

హనుమాయమ్మ వాళ్లది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆమె మనవరాలు మృదుల, సంతోషి ఒకే క్లాసు. మృదుల పిలిచినట్టే సంతోషి కూడా ఆమెను అమ్మమ్మా అనే పిలుస్తుంది.

యాంటెన్నాతో చిక్కేమిటంటే, రామంతపూర్ టీవీ టవర్ వైపు తిప్పితే మొదటి ఛానల్ బాగా వస్తుంది. రెండో ఛానల్ మాత్రం రాదు. అది కావాలంటే యాంటెన్నాను పూర్తిగా వెనక్కి తిప్పాలి. వెనక గల్లీలో కట్టిన కొత్త అపార్టుమెంటు వల్ల అట్లా అవుతోందని మట్టయ్య చెప్పాడు. సిగ్నల్ ఆ గోడకు తగిలి, బంతి లెక్క తిరిగొస్తదట.

"నాయినా, గిట్లయితే నేను డాబా మీదనే పండుకుంట," అంది సంతోషి.

మట్టయ్య నవ్వాడు. ఆయన మోటార్లు రిపేరు చేసే మెకానిక్. యాంటెన్నాను తిప్పడానికి కూడా ఒక మోటారు ఉంటుందని, దాన్ని రొటేటర్ అంటారని చెప్పాడు.

మర్నాడు ఇద్దరూ స్కూటర్ మీద దిల్‌సుఖ్‌నగర్ వెళ్లారు. అక్కడ త్రినాథరావు అనే ఆయనకు పాత రేడియో, టీవీ సామాన్ల దుకాణం ఉంది. ఆయన రెండు రొటేటర్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, నీలం రంగుది. బటన్ నొక్కితే గిర్రున తిరిగింది. రెండోది బరువుగా, మసిపట్టిన కుండలా ఉంది. అది ఒక చుట్టు తిరగడానికి నిమిషం పట్టింది.

సంతోషి నీలం దాని మీద చెయ్యి వేసింది. మట్టయ్య మాత్రం రెండింటి మూతలూ విప్పించి చూశాడు. నీలం దాని లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. గాలి కొడితే యాంటెన్నా పతంగి లాగినట్టు లాగుతుందని, ఆ పళ్లు ఒక్క వానాకాలానికే విరిగిపోతాయని కూతురికి చూపించాడు. బరువు దానివి ఇనుప చక్రాలు. పైగా ఒక చుట్టు పూర్తికాగానే అదే ఆగిపోతుంది, వైరు పైపుకు చుట్టుకోదు.

"ఉరికేదెందుకు బిడ్డా? నిలబడేది కావాలె," అన్నాడు.

దారి పొడుగునా సంతోషి మూతి ముడుచుకునే ఉంది. కానీ సాయంత్రం మోటారు బిగించాక, పై ఇంట్లో టీవీ పక్కన పెట్టిన చిన్న డబ్బా మీద నాయిన బటన్ నొక్కగానే డాబా మీద యాంటెన్నా మెల్లగా తల తిప్పింది. వాకిట్లోంచి అది చూసి ఆమె మూతి దానంతటదే విచ్చుకుంది. మృదుల చప్పట్లు కొట్టింది. హనుమాయమ్మ కూడా వాకిట్లోకి వచ్చి, తల పైకెత్తి చూసి మురిసిపోయింది.

మట్టయ్య ఒక్కటే చెప్పాడు. రెండిళ్లకూ యాంటెన్నా ఒక్కటే కాబట్టి, తిప్పే ముందు కింద వాళ్లను అడగాలి.

రెండు రోజులు సంతోషి మెట్ల దగ్గరికి వచ్చి అడిగింది. మూడో రోజు మరిచిపోయింది. నాలుగో రోజు గుర్తుంది గానీ, రెండో ఛానల్లో కార్టూన్ మొదలైపోయింది. బటన్ నొక్కేసింది. ఆ తర్వాత అడగడమే మానేసింది.

శుక్రవారం ఉదయం మృదులతో ఆడుకుందామని కిందికి దిగింది. హనుమాయమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. "చూశానే సూర్యప్రభా. ఎంత బాగా వేశారో. నువ్వు ముందు వరసలోనేగా," అంటోంది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆమె మొహంలో నవ్వు లేదు. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది.

మృదుల సంతోషిని పక్కకు లాగి సంగతి చెప్పింది. సూర్యప్రభ అమ్మమ్మకు చెల్లెలు. అరవై ఏళ్లు దాటాక కోలాటం నేర్చుకుంది. వాళ్ల ఊరి ఆడవాళ్ల కోలాటం నిన్న సాయంత్రం మొదటి ఛానల్లో వేశారు. అమ్మమ్మ పెందలాడే పని ముగించుకుని టీవీ ముందు కూర్చుంది. కోలాటం మొదలవగానే తెర నిండా చుక్కలు. అమ్మమ్మ టీవీని తట్టింది, వైరు కదిపింది, చివరికి పాతదైపోయిందిలే అనుకుని కట్టేసింది. చెల్లెలు బాధపడుతుందని భయపడి, చూశానని అబద్ధం చెప్పింది.

నిన్న సాయంత్రం తను చూసిన కార్టూన్ సంతోషికి గుర్తొచ్చింది. పైకి వెళ్లిపోదామనుకుని రెండు మెట్లెక్కింది. మూడో మెట్టు మీద ఆగి, వెనక్కి వచ్చింది.

"అమ్మమ్మా, మీ టీవీ మంచిగనే ఉంది. నేనే తిప్పిన. అడగకుండ తిప్పిన."

హనుమాయమ్మ కళ్లద్దాలు పెట్టుకుని సంతోషి మొహంలోకి చూసింది.

"నిజం చెప్పావు తల్లీ. నేనే చెప్పలేదు," అంది. "ఉండు, నేనూ చెప్పేస్తాను."

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. చూడలేదని, చూశానని అబద్ధమాడానని ఒప్పుకుంది. అవతల సూర్యప్రభ పకపకా నవ్వడం పిల్లలిద్దరికీ వినిపించింది. ముందు వరసలో తను లేనేలేదట. అడుగు తప్పుతోందని వెనక్కి పంపేశారట. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మళ్లీ వేస్తారు, ఎర్రంచు చీరలో వెనక వరస చివర వెతుక్కోమంది.

ఆదివారం ఏడున్నరకే సంతోషి యాంటెన్నాను టవర్ వైపు తిప్పి పెట్టింది. ఏడుంపావుకు పోయిన కరెంటు అప్పుడే వచ్చింది గనక సరిపోయింది. లేకపోతే మోటారూ తిరగదు, టీవీ కూడా రాదు. మళ్లీ ఎప్పుడు పోతుందోనని అందరికీ గుబులే. మట్టయ్య, అరుణమ్మ కూడా కింది ఇంటికే వచ్చి కూర్చున్నారు.

కోలాటం మొదలైంది. ఒక్క చుక్క కూడా లేదు. వెనక వరస చివర ఎర్రంచు చీర ఆమె అందరూ కుడికి తిరిగితే ఎడమకు తిరిగింది. హనుమాయమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. అయిపోయాక కూడా ఆగలేదు. వంటింట్లోంచి రెండు గరిటెలు తెచ్చి అడుగులు వేసి చూపించింది. అరుణమ్మ బతుకమ్మ ఆడినట్టు చప్పట్లు చరుస్తూ ఆమె చుట్టూ తిరిగింది. పిల్లలు ఎవరి అడుగు వెయ్యాలో తెలియక ఇద్దరివీ వేశారు.

సోమవారం సాయంత్రం పైన కార్టూన్ వేళయింది. సంతోషి బటన్ జోలికి పోకుండా కిందికి దిగింది.

"అమ్మమ్మా, ఏమన్న చూస్తున్నరా? తిప్పాల్నా, వద్దా?"

పాటల కార్యక్రమం వస్తోందని, ఇంకో పావుగంట ఆగమని హనుమాయమ్మ చెప్పింది. అప్పటికి కార్టూన్ సగం అయిపోతుంది. సంతోషి ఒక్క క్షణం మెట్ల వైపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మృదుల పక్కన చాప మీద కూర్చుంది.