పదకొండు నిమిషాల ఎండ

ఉదయం పది గంటలకు కొత్తవాగుపేటలో వెలుగు, మిగతా రోజుల్లాగే, ఏ ఒక్క వైపు నుంచీ రాలేదు. అంతటా సమానంగా పరుచుకుని ఉంది. వరండాలో కుర్చీకీ, వీధిలో నడిచే మనిషికీ, పెరట్లో కరివేపాకు చెట్టుకీ నీడ లేదు. రోహిణి కార్తె నడుస్తోంది. పందిరి పైన నలభై తొమ్మిది డిగ్రీలు, పందిరి కింద ముప్పై ఒకటి.

బెజవాడ మీద చలువపందిరి వేసి నలభై ఏళ్ళయింది. చొక్కా గుండీ అంతేసి రేకుపిట్టలు కోట్ల సంఖ్యలో ఆకాశంలో తేలుతూ, వేడిని పైకి తిప్పికొట్టి, మెత్తని వెలుగును మాత్రం కిందికి వదులుతాయి. అప్పటినుంచి వడదెబ్బ అన్న మాట పిల్లలకు తెలియదు. మాగాయ ముక్కలనూ వడియాలనూ ఆరబెట్టే పెట్టెల్లో పెట్టి మీట నొక్కుతారు. ఇళ్ళలో దీపాలు పోయి, గోడలే వెలుగుతున్నాయి.

ఈ పేట పందిరిని కనిపెట్టుకుని ఉండడం దమయంతి ఉద్యోగం. ఆమెకు ముప్పై మూడేళ్ళు. ఆమె పుట్టిందీ పందిరి కిందే. ముంజేతికి కట్టుకున్న పలకలో ఎక్కడ ఎంత వేడి ఉందో, ఎక్కడ ఎంతమంది ఉన్నారో ఆమెకు కనిపిస్తూ ఉంటుంది. ఏటేటా జరిగే రోహిణి ఊరేగింపులో ఈసారి ఆమె పెద్దవీధి మీద పందిరిని పదకొండు నిమిషాలు తెరవబోతోంది. అనుమతి పత్రంలో దానికి ఎండగవాక్షం అని పేరు పెట్టారు.

అది కావాలని ఆరేళ్ళుగా అర్జీలు పెట్టింది తోలుబొమ్మల అనసూయాబాయి. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. దమయంతి వెళ్ళేసరికి ఆవిడ వెదురుబుట్టలో నుంచి బొమ్మలు ఒక్కొక్కటే తీసి చాప మీద పరుస్తోంది. మనిషెత్తు నెమలి, ఏనుగు, గుర్రం, రాణి, మొత్తం పద్దెనిమిది. మేకతోలును పలచగా గీకి, సన్నని రంధ్రాలు పొడిచి, రంగులద్దినవి. గోడల వెలుగులో అన్నీ ఒకే గోధుమరంగులో కనిపిస్తున్నాయి.

"మా క్లాసువాళ్ళు వీటిని ఏమంటారో తెలుసా నానమ్మా? మాడిపోయిన అప్పడాలంట," అంది పక్కన కూర్చున్న మనవరాలు చారుమతి. ఆ పిల్లకు పదకొండేళ్ళు.

"అననీ. అప్పడాలకి ఇన్ని చిల్లులుంటాయా?"

"నవ్వకు. ఈ ఒక్క ఏడే మోస్తా. వచ్చే ఏడు గాలిబొమ్మల జట్టులో చేరతా. మాటిచ్చావు."

"ఇచ్చాను, కాదన్లేదు. ఎండలో ఒక్కసారి పట్టుకో. అప్పటికీ నచ్చకపోతే బుట్టతో సహా మ్యూజియంవాళ్ళకి ఇచ్చేస్తా. రేప్పొద్దున వస్తామన్నారు." మాట మామూలుగానే ఉంది కాని, ఆవిడ చెయ్యి నెమలి మెడ మీదే ఉండిపోయింది.

తర్వాత దమయంతి వైపు తిరిగింది. "మన వంతు నాలుగింటికేగా అమ్మాయ్? అర్జీలో అలాగే రాశాను."

"లేదు బామ్మగారూ. మీకోసం పన్నెండూ నాలుగుకి మార్పించాను. రోజు మొత్తంలో వెలుగు ఎక్కువ ఉండేది అప్పుడే. లెక్క చూశాను." దమయంతి గొంతులో కొంచెం గర్వం ఉంది.

అనసూయాబాయి చేతిలో ఉన్న గుర్రాన్ని చాప మీద దించింది.

"పన్నెండుకి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు తల్లీ. నిలబెట్టిన బొమ్మ నీడ దాని కాళ్ళ కిందే దాక్కుంటుంది. వీధి మీద గీతంత కూడా పడదు. నీడ సాగాలంటే పొద్దు వాలాలి."

నీడకు వేళలుంటాయని దమయంతికి ఎవరూ చెప్పలేదు. వెలుగు ఎంత ఎక్కువైతే నీడ అంత పెద్దదనుకుంది. గబగబా పలక మీద వేళ్ళు కదిపింది. పందిరి మీదుగా పోయే సరుకు విమానాలను ఆ పదకొండు నిమిషాలకే మళ్ళించారు. మార్చడానికి వీల్లేదని జవాబొచ్చింది.

"బామ్మగారూ, నేను..."

"తెలిసి చేశావా ఏంటి? నీడ చూడ్డానికి నీకెక్కడ దొరికింది గనక."

"అయితే ఇంక మోయక్కర్లేదుగా," అంది చారుమతి.

అనసూయాబాయి ఏనుగును మడవబోయి ఆగి, దాన్నే చూస్తూ కూర్చుంది.

"అసలీ ఊరేగింపు ఎలా మొదలైందో తెలుసా మీకు? బొమ్మలకి పురుగు పట్టకుండా ఏటా రోహిణిలో ఎండేసేవాళ్ళం. చూడ్డానికి జనం వచ్చేవాళ్ళు. ఒకడు డప్పు తెచ్చాడు, ఇంకోళ్ళు కోలాటం కట్టారు. అలా పెరిగింది. మా అమ్మ వీధిలో రెండు దండేలు కట్టి వాటి మీద బొమ్మల్ని వెడల్పుగా పరిచేది. నేను కింద చాపేసుకుని..." ఆవిడ మాట మధ్యలో ఆగింది. "చారూ, ఆ నెమలినిలా ఇవ్వు. నిలబెట్టి కాదే. పడుకోబెట్టి."

*

పన్నెండు గంటలకు పెద్దవీధి కిక్కిరిసి ఉంది. ముందు డప్పులు, వెనక కోలాటం, ఆపైన మిద్దెలంత ఎత్తున మెరుస్తూ, గాలిలో వెలుగుతోనే అల్లిన గాలిబొమ్మలు. అన్నిటికన్నా వెనక తోలుబొమ్మలు. ఒక్కో బొమ్మను నలుగురు నాలుగు మూలలా పట్టుకుని నెత్తికి పైన పడుకోబెట్టి మోస్తున్నారు. నెమలికి ముందు మూల చారుమతి.

తెరిచిన తొంభై సెకన్లలో జనమంతా వరండాల్లోకి పరుగెడతారని పందిరి వ్యవస్థ అంచనా కట్టింది. అక్కడ తడిశాలువలు, నల్లకళ్ళద్దాలు, ఉప్పు కలిపిన మజ్జిగ, నర్సులు సిద్ధంగా ఉన్నారు. ఒక గోడ పక్కన, ఆ వీధిలోనే ఉండే వరహాలమ్మ వడియాల పళ్ళెంతో నిలబడి ఉంది.

"పదకొండు నిమిషాలకి అవేం ఎండుతాయి పిన్నిగారూ?" అంది దమయంతి.

"ఎండకపోతే మానె. ఎండ మొహం చూస్తాయి," అందావిడ.

పన్నెండూ నాలుగుకి రేకుపిట్టలు రెండు వైపులకూ విడిపోయాయి.

వెలుగు వచ్చింది అనడం చాలదు. అది బరువుగా దిగింది. భుజాల మీద చెయ్యి వేసినట్టు అందరికీ తెలిసింది. డప్పులు ఆగిపోయాయి. గాలిబొమ్మలు ఆ వెలుగులో కలిసిపోయి, వాటిని నడిపేవాళ్ళ ఖాళీ చేతులు మాత్రం మిగిలాయి. చాలామంది వరండాల్లోకి పరుగెత్తారు. వీధిలో మిగిలిన ప్రతి మనిషి కాళ్ళ దగ్గరా నల్లగా, చిన్న పళ్ళెమంత నీడ. ఒక పసివాడు పాదం ఎత్తి దాని కింద ఏముందో చూసుకున్నాడు.

అప్పుడు నెమలి ముందుకు వచ్చింది.

వీధి మీద నీలం పడింది. నీలం పక్కన పచ్చ, ఎరుపు, పండిన నిమ్మకాయ రంగు. తోలులో ఇన్నాళ్ళూ దాగి ఉన్న రంగులన్నీ నేల మీదికి దిగి మనుషులతోపాటు నడిచాయి. వాటి నిండా చుక్కల ముగ్గు పెట్టినట్టు వేల వెలుగుచుక్కలు. దమయంతి పైకి చూసింది. బొమ్మలో పొడిచిన రంధ్రాలు కొన్ని ఆకుల్లా, కొన్ని నెలవంకల్లా ఉన్నాయి. కింద పడ్డవి మాత్రం అన్నీ గుండ్రమే.

"అదేంటి బామ్మగారూ?"

"అవి చిల్లుల బొమ్మలు కావమ్మాయ్. అన్నీ సూర్యుడి బొమ్మలే," అంది అనసూయాబాయి. ఆవిడ ముఖం నిండా ఆ సూర్యులు కదులుతున్నాయి.

చారుమతి నడవడం మరిచిపోయి తన చేతులు చూసుకుంటోంది. మోచేతి దాకా పచ్చగా ఉన్నాయవి.

దమయంతి పలక చూసింది. వరండాల్లో ఉన్నవారి సంఖ్య పద్దెనిమిది వందల నుంచి తొమ్మిది వందలకు, అక్కడినుంచి నలభైకి, చివరికి సున్నాకి వచ్చింది. నర్సులు కూడా వీధిలోనే ఉన్నారు. వరహాలమ్మ పళ్ళెం గోడ మీదే మరిచిపోయి, రాణిబొమ్మ కింద నిలబడి, పమిటచెంగు మీద పడ్డ ఎరుపును రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

పన్నెండూ పదిహేనుకి పందిరి మూసుకుంది. పరిచిన చీరను ఎవరో ఒక్కసారిగా మడిచి తీసుకుపోయినట్టు రంగులు పోయాయి. జనం కదల్లేదు. ఎవరికి వాళ్ళు తమ కాళ్ళ దగ్గర నేలను చూస్తూ నిలబడ్డారు. డప్పులు మళ్ళీ మోగడానికి చాలాసేపు పట్టింది.

*

రెండు గంటలకు దమయంతి అనసూయాబాయి వరండాలో కూర్చుని నివేదిక రాస్తోంది. వడదెబ్బ: లేదు. కళ్ళకు హాని: లేదు. చర్మానికి హాని అన్నచోట ఒక అంకె వచ్చి చేరింది. రెండు వందల పద్నాలుగు మందికి అరికాళ్ళు కమిలిపోయాయి.

వ్యవస్థ తలకూ కళ్ళకూ గొంతుకూ కాపలా పెట్టింది. పాదాల సంగతి దానికి తట్టలేదు, ఎందుకంటే ఈ ఊళ్ళో చెప్పుల్లేకుండా వీధిలో నడిచేవాళ్ళు లేరు. పెద్దవీధికి రెండు పక్కలా, ఈ చివరినుంచి ఆ చివరికి, విడిచిన చెప్పులు ఇంకా వరసగా ఉన్నాయి. విప్పమని ఎవరూ చెప్పలేదు. దమయంతి జత కూడా అక్కడే ఎక్కడో ఉంది. ఎప్పుడు విడిచిందో ఆమెకు గుర్తు లేదు.

అనసూయాబాయి మనవరాలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని వెన్న రాస్తోంది.

"మంటగా ఉందా?"

"ఊఁ."

"మరెందుకే విప్పావు?"

"రంగుల మీద చెప్పులేసుకుని ఎలా నడుస్తాం నానమ్మా?" అంది చారుమతి. అందులో అడగడానికేముంది అన్నట్టుగా.

ముసలామె కాసేపు వెన్న రాయడం ఆపింది. "రేపు మ్యూజియంవాళ్ళొస్తారు. ఏం చెప్పమంటావ్?"

"వచ్చే ఏడు పెద్దవీధికి రమ్మను. నెమలి కింద చోటు మాత్రం ఇవ్వను."

పలక ఇంకా కారణం అడుగుతోంది. తోపులాట, నిర్లక్ష్యం, నాసిరకం పాదరక్షలు, ఇతరములు. దమయంతి 'ఇతరములు' నొక్కి, ఆ పిల్ల అన్న మాటనే అక్షరం మార్చకుండా రాసింది. కారణం గుర్తించలేదు, మళ్ళీ రాయండి అని జవాబొచ్చింది.

ఆమె వెన్నగిన్నె తన వైపు లాక్కుని పాదాలకు కొంచెం రాసుకుంది. తర్వాత చెయ్యి తుడుచుకుని, ఆ మాటే మళ్ళీ రాసింది.