బోరు నీళ్ళ సముద్రం

వెనక లైటు ఇంకా ఉంది!

స్కూటీ అద్దంలో ఒక్కటే లైటు. బైకు. బాగేపల్లి దాటినప్పటి నుంచీ అదే దూరం.

దగ్గరికి రాదు... వదలదు!

ఆశ యాక్సిలరేటర్ తిప్పుతుంది. ముల్లు అరవై దాటుతుంది. కాళ్ళ దగ్గర కొక్కేనికి తగిలించిన టిఫిన్ క్యారియర్ గలగలమంటుంది.

పై గిన్నెలో మధ్యాహ్నం తినని పెరుగన్నం.

కింది గిన్నెలో అరచేయంత ఎర్ర రేకు.

ఈ పరుగంతా ఆ రేకు కోసమే!

టైమ్ ఏడున్నర దాటింది. లండన్‌లో ఓడల రూళ్ళు ఖాయం చేసే ఆఫీసు సాయంత్రం ఐదింటికి మూస్తారు. మనకు తొమ్మిదిన్నర. ఆలోపు ఈ రేకు చెప్పే నిజం అక్కడికి చేరాలి.

చేరకపోతే... ఒక తప్పుడు అంకె ప్రపంచంలోని ఓడలన్నిటికీ రూలైపోతుంది.

ఆ అంకె కింద ఉన్నది ఆశ సంతకం!

ఇరవై ఏళ్ళ ఉద్యోగం. బాగేపల్లి బయట పెయింట్ ఫ్యాక్టరీలో ల్యాబ్ టెక్నీషియన్. ఓడల అడుగున పూసే పెయింట్ అది. గుల్లలు అంటుకోకుండా అందులో విషం కలుపుతారు. ఆ విషం రోజుకు ఎంత సముద్రంలోకి దిగుతుందో కొలవడమే ఆశ పని. ఐదు దాటితే ప్రపంచమంతా ఆ పెయింట్ బంద్. ఆశ కొలిచింది. మూడు వచ్చింది. సంతకం పెట్టింది.

కొలిచింది సముద్రపు నీళ్ళలోనే... అనుకుంది!

సముద్రం మూడు వందల కిలోమీటర్ల దూరం. నెలకొక ట్యాంకర్ చెన్నై నుంచి వస్తుందన్నారు. డ్రైవర్ దేవరాజ్. అతనే పైపు పెట్టి తొట్టి నింపేవాడు.

పోయిన వారం, పెయింట్ పూసి తొట్టిలో ముంచే రేకు కడుగుతుంటే కనబడింది. తెల్లటి పొర. గీకితే రాదు.

ఆ పొర ఆశకు తెలుసు. ఆమె ఇంట్లో నీళ్ళు కాచే గిన్నెకు పట్టేది అదే. ప్రతి ఆదివారం చింతపండు పెట్టి తోముతుంది. అది బోరు నీళ్ళ పొర. సున్నం. సముద్రపు నీళ్ళకు అట్లా పట్టదు!

ట్యాంకర్ క్యాబిన్లోకి తొంగి చూసింది. రెండు కల్లుప్పు మూటలు.

బోరు నీళ్ళు. మూటెడు ఉప్పు. సముద్రం రెడీ!

రేకు మీద సున్నం పేరుకుంటే లోపలి విషం బయటికెట్లా దిగుతుంది? అందుకే మూడు. చెన్నైలో పెళ్ళికి పోయిన ఆడబిడ్డ చేత రెండు క్యాన్ల అసలు సముద్రపు నీళ్ళు తెప్పించింది. చింతపండుతో ఇంకో రేకు తోమింది. మళ్ళీ కొలిచింది.

ముప్పై ఒకటి!

ఈ సాయంత్రం మేనేజర్ పురుషోత్తమ్ ముందు పెట్టింది. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఉప్పగా ఉండాదా లేదా?"

"ఉండాది సార్, కానీ..."

"ఉప్పగా ఉంటే సముద్రమే. పోమ్మా."

ఫోన్ గేటు దగ్గర లాకర్లోనే ఉండిపోయింది. అడిగితే బ్యాగ్ వెతుకుతారు. ఆడవాళ్ళ టిఫిన్ క్యారియర్ మూత మాత్రం ఏ సెక్యూరిటీ తీయడు. నోట్‌బుక్ నడుముకు దోపుకుంది. బయటపడింది.

వెంటనే వెనక బైకు!

పేరేసంద్ర.

హైవే పక్కన అంగడి. ఆశ బ్రేకు వేస్తుంది. గల్లా దగ్గర శ్రీనివాసప్ప ఊదొత్తులు సర్దుతున్నాడు.

"అప్పా, ఒక్క ఫోన్ చేసుకుంటా. అర్జెంట్!"

"అందరిదీ అర్జెంటేనమ్మా. ఏం, మీ ఫోన్ యాడ పోయింది?"

"ఫ్యాక్టరీలో ఉండిపోయింది."

"ఇంటాయన మింద అలిగి పోతాండావేమో అనుకుంటిని." అని ఫోన్ ఇస్తాడు. "చెయ్యి. మా వైపు నెట్‌వర్క్ కూడా అలుగుతా ఉంటాది."

నంబర్... ఈ రేకు అందుకోవాల్సిన రక్షిత నంబర్ ఎంత?

రాదు! భర్తది కూడా పూర్తిగా రాదు! అన్నీ ఆ లాకర్లో ఉన్న ఫోన్లోనే ఉన్నాయి!

గుర్తున్నది ఒక్కటే. చిక్కబళ్ళాపురం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన హనుమంతరాయ సార్ ల్యాండ్‌లైన్. డౌట్ వస్తే చేయండి అని బోర్డు మీద రాసిన నంబర్. ఇప్పుడాయన పెద్దవాడయ్యాడు. లండన్ మీటింగుకు మన దేశం పంపే బృందంలో సభ్యుడు.

"సార్! ఆశని..." గబగబా చెప్పేస్తుంది. రేకు. ఉప్పు. ముప్పై ఒకటి.

అటువైపు మెత్తటి గొంతు.

"ఎంత పని చేసినావమ్మా! ఇప్పుడు యాడికి పోతాండావు?"

"చింతామణికి సార్. రక్షిత, మా ల్యాబ్‌లో నాకు జూనియర్. ఇప్పుడు పర్యావరణ సంస్థలో ఉండాది. వాళ్ళకూ ఆ మీటింగులో కుర్చీ ఉండాదంట. ఆమె పంపిస్తాది."

"మంచిది. ఏ దారిన?"

"శిడ్లఘట్ట రోడ్డున సార్."

"జాగ్రత్తమ్మా."

ఫోన్ తిరిగిస్తుంటే రోడ్డు మీద బైకు దూసుకుపోతుంది. ఆగదు. చిక్కబళ్ళాపురం వైపు వెళ్ళిపోతుంది.

పోయాడు! ఆశకు ఊపిరి వస్తుంది.

ఎనిమిదిన్నర. చిక్కబళ్ళాపురం. శిడ్లఘట్ట రోడ్డు మలుపు.

వీధి దీపం కింద అడ్డంగా బైకు!

దాని మీద మనిషి. చెవికి ఫోన్.

దేవరాజ్!

"ఆశమ్మా! నిలబడండమ్మా! ఈ పక్క పోవద్దండి!"

ఆశ హెడ్‌లైట్ ఆర్పేస్తుంది. సందులోకి తిప్పుతుంది. గోడకు మోచెయ్యి గీసుకుంటుంది. మంట! ఆగదు.

ఈ దారే అని వీడికెట్లా తెలిసింది?

ఆలోచించే టైమ్ లేదు. చింతామణికి ముప్పావు గంట ప్రయాణం. ఆ దారి మూసుకుపోయింది. ఇంకేం మిగిలింది?

సార్ ఇల్లు! రెండు వీధుల అవతలే!

మీనాక్షమ్మ తలుపు తీస్తుంది. హనుమంతరాయ భార్య. ఆశ మోచేతి రక్తం చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంటుంది.

"అయ్యో తల్లీ! పసుపు పెడతా ఉండు."

"తర్వాతమ్మా! సార్ యాడ?"

సార్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. లేచి నిలబడతారు. కుర్చీ లాగుతారు. ఇరవై మూడేళ్ళ కిందటి అదే నవ్వు.

ఆశ క్యారియర్ విప్పుతుంది. పెరుగన్నం పక్కన పెడుతుంది. ఎర్ర రేకు. నోట్‌బుక్.

సార్ రేకును దీపం దగ్గర పట్టుకుని చూస్తారు. పేజీలు తిప్పుతారు. ప్రతి అంకె మీద వేలు పెడతారు. పరీక్ష పేపర్ దిద్దినట్టు.

"బాగా చేసినావు. ఇంకో కాపీ ఉండాదా?"

"లేదు సార్. అంతా ఇదే."

"ఊఁ."

మీనాక్షమ్మ కాఫీ తెస్తుంది. తెల్ల పొర రేకు వైపు చూస్తుంది. "మా గీజర్ గూడా ఇట్లే అయిండాది. మూడోది!"

సార్ టైప్ చేస్తున్నారు. ఎనిమిది యాభై.

ఆశ కాఫీ తాగుతుంది. అయిపోయింది. సరైన చోటికి చేరింది!

"ఒకటి అడుగుతా చెప్పమ్మా," సార్ స్క్రీన్ మీంచి కళ్ళు తీయరు. "ఓడ పెయింట్‌కు రూలు రాయల్లంటే ల్యాబ్ కావల్ల. మన సర్కారుకు ఆ ల్యాబ్ ఉండాదా? లండన్ ఆఫీసుకు ఉండాదా? తొట్లు మావి. మనుషులు మావాళ్ళు. లెక్కలు మావి. ఇంక రూలు వేరే ఎవరు రాస్తారు?"

ఆశ గ్లాసు ఆగిపోతుంది.

మావి...?

"మావి అంటే... ఎవరివి సార్?"

"పెయింట్ కంపెనీల సంఘానికి ఆరేళ్ళుగా సలహాదారుని. నీకు తెలియదా?"

"మీరు... దేశం తరపున గదా పోతాండేది!"

"దేశం తరపునే. దేశానికి పెయింట్ గురించి తెలిసినోడు కావల్ల గదా!"

ఆశ దిగ్గున లేస్తుంది. రేకు మీద చెయ్యి వేస్తుంది. సార్ అడ్డుకోరు!

"తీసుకోమ్మా. అడ్డమేం లేదు. ముందర ఇది చదువు."

కాగితాల కట్ట. లండన్‌లో ఈ వారం ఖాయమయ్యే రూలు. సార్ గీత గీసిన చోట ఒకటే వాక్యం.

సముద్రపు నీరు దొరకని చోట, స్థానిక నీటిలో తగినంత ఉప్పు కలిపి పరీక్ష చేయవచ్చు.

ఆశ మళ్ళీ చదువుతుంది. కింద అది రాసిన తేదీ చూస్తుంది. రెండేళ్ళ కిందటిది!

ఆశ పరీక్ష మొదలైంది పోయిన జూన్‌లో.

రూలు ముందు పుట్టింది. పరీక్ష తర్వాత పుట్టింది!

"ఆ రేకు తప్పుకు సాక్ష్యం కాదమ్మా," సార్ అదే మెత్తటి గొంతుతో అంటారు. "రూలు ప్రకారం నడుచుకున్నామనేదానికి సాక్ష్యం."

"విషం ముప్పై ఒకటి దిగుతాంది సార్!"

"మీ ఆడబిడ్డ క్యాన్లో దిగుతాంది. రూలు ప్రకారం మూడే."

"అది సముద్రం సార్! క్యాన్లో ఉండేదే సముద్రం! తొట్టిలో ఉండేది బాగేపల్లి బోరు!"

"గట్టిగా అరిస్తే అంకె మారదమ్మా."

ఎవరి మీద అరవాలి? ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకునే చోట కూర్చున్నది వీళ్ళే!

"అయితే నా సంతకం కొట్టేయండి. రూలు మీది. సంతకం నాది!"

"దానికీ ఒక పద్ధతి ఉండాది. వెనక్కి తీసుకుంటామని సభ్యుడు రాయల్ల." సార్ కళ్ళజోడు తుడుచుకుంటారు. "సభ్యుడిని నేనే."

మీనాక్షమ్మ పసుపు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. భర్త వైపు చూస్తుంది. ఆశ వైపు చూస్తుంది.

ఆశ రేకు లాక్కుంటుంది. నోట్‌బుక్ లాక్కుంటుంది. ఎనిమిది యాభై ఎనిమిది. రక్షిత! సందుల్లోంచి పోతే... వేగంగా పోతే...

"చింతామణికి గంట పైనే పడతాది," వెనక నుంచి సార్ గొంతు. "శిడ్లఘట్ట రోడ్డు బాగలేదు."

ఆశ కాళ్ళు ఆగిపోతాయి.

శిడ్లఘట్ట రోడ్డు!

ఆ మాట తను ఒక్కరికే చెప్పింది. పేరేసంద్ర అంగట్లో. ల్యాండ్‌లైన్‌కు!

తలుపు తీస్తుంది.

గుమ్మం ముందు దేవరాజ్!

చేతిలో హెల్మెట్. చెప్పులు మెట్ల కిందే విడిచాడు. ఆశను చూసి చేతులు జోడిస్తాడు. ఆమె భుజం మీంచి లోపలికి చూసి, మర్యాదగా గొంతు సవరించుకుంటాడు.

"సార్... చింతామణి దారిలో అడ్డం నిలబడి మీ ఇంటి పక్కకు తిప్పమంటిరి, తిప్పితి. అమ్మగారు వచ్చేసినారు గదా... ఇంక పోదునా? పొద్దున్నే ట్యాంకర్ నింపల్ల."

లోపల లాప్‌టాప్ టింగుమంటుంది.

లండన్‌కు అందింది.

పరీక్షలో తేలిన అంకె: మూడు. పరీక్షించినవారు: ఆశ, బి.ఎస్సీ.