చుక్కలు గీతలైన ఫోటో

"ఇవి చుక్కలా, గీతలా?" లంచ్ టైంలో పిడుగు తెచ్చిన నక్షత్రాల ఫోటో చూసి పక్క బెంచీ అమ్మాయి అడిగింది.

పిడుగు మొహం కందగడ్డలా అయిపోయింది. అసలు పేరు వేరే ఉంది కానీ, బడిలోనూ ఇంట్లోనూ ఆ అమ్మాయిని అందరూ పిడుగు అనే పిలుస్తారు. ఒక్కచోట కుదురుగా నిలబడితే కదా!

"తప్పు నాది కాదు. మా అన్న తను చేసిన పరికరానికి మడతబందు సరిగ్గా బిగించలేదు. అంతా లొడలొడ!" అంది.

ఆ మాట పిల్లలకు తెగ నచ్చేసింది. అప్పుడే అన్న వరండాలో వెళ్తున్నాడు. "లొడలొడన్నా!" అని ఎవరో అరిచారు. అందరూ పకపకా నవ్వారు. అన్న ఆగి, చెల్లెలి వైపు ఒకసారి చూసి, తన తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లిపోయాడు.

నిజానికి ఆ పరికరం కోసం అన్న చాలా కష్టపడ్డాడు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నక్షత్రాలు జరుగుతున్నట్టు కనిపిస్తాయి. కాస్త ఎక్కువసేపు ఫోటో తీస్తే చుక్కలన్నీ గీతలైపోతాయి. అందుకని అన్న పాత అలమారా తలుపు కోసి రెండు చెక్కలు చేశాడు. వాటిని ఒక అంచున మడతబందుతో కలిపాడు. పై చెక్క మీద అమ్మ స్టూడియోలోని పాత కెమెరా. కింది చెక్కలో ఒక బోల్టు. దాన్ని నిదానంగా తిప్పుతుంటే పై చెక్క కొద్దికొద్దిగా లేస్తుంది, కెమెరా నక్షత్రాల వెంటే కదులుతుంది. బందును మాత్రం ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి.

బడి గుమ్మం దగ్గర గోడ మీద పెట్టే ఫోటోలు ఇవ్వడానికి రేపే ఆఖరు రోజు. ఇక మిగిలింది ఈ ఒక్క రాత్రే.

మధ్యాహ్నం సైన్స్ మేడం పాఠం మధ్యలో అంది, "ఆకాశంలో అన్నింటికంటే బాగా మెరిసేదే ధ్రువ నక్షత్రం అనుకుంటారు చాలామంది. అదేం కాదర్రా, అది ఒక మోస్తరుగానే ఉంటుంది. సప్తర్షి మండలం గరిటెలా కనిపిస్తుంది కదా? ఆ గరిటె గిన్నె అంచున ఉన్న రెండు చుక్కలు చూపించే వైపు వెళ్తే దొరుకుతుంది."

పిడుగు గతుక్కుమంది. నిన్న రాత్రి డాబా మీద గురిపెట్టే పని తనదే. వెతికే ఓపిక లేక, ధగధగా మెరుస్తున్న నక్షత్రం ఒకటి కనపడగానే అటు తిప్పేసి "అయిపోయింది!" అంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మేకులు, మరలు.

"నీకివాళ మ్యాచ్ కదా అన్నా?"

"వెళ్లలేదు. అందరూ లొడలొడ, లొడలొడ అంటుంటే ఎలా వెళ్లను?" అన్నాడు తల ఎత్తకుండా. "ఎంత కదిపినా బందు ఊగట్లేదే. అయినా నువ్వన్నావుగా, కొత్తది వేస్తున్నా."

పిడుగు నిజం చెప్పాలనుకుంది. కానీ ఒక మర ఏరి అన్నకి అందించింది, అంతే.

అన్నాలు తినగానే ఇద్దరూ డాబా ఎక్కారు. ఈసారి పిడుగు గరిటెను వెతికింది, దాని గిన్నె అంచున ఉన్న రెండు చుక్కల్నీ పట్టుకుంది, అక్కడినుంచి ధ్రువ నక్షత్రం దాకా వెళ్లింది. అన్న గడియారం చూస్తూ "తిప్పు... మెల్లగా..." అంటుంటే, ఊపిరి బిగబట్టి బోల్టు తిప్పింది.

కెమెరా తెరమీద నక్షత్రాలు ఆవగింజల్లా గుండ్రంగా వచ్చాయి. పిడుగుకి గంతులేయాలనిపించింది.

కానీ అన్నే ముందు గంతేశాడు. "చూశావా! బందు మార్చగానే ఎలా వచ్చిందో! అయితే పాతది నిజంగానే లొడలొడ అన్నమాట. నాదే తప్పు."

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ సంగతి పిడుగుకి బాగా తెలుసు. అన్న మాత్రం తను చేయని తప్పును సంతోషంగా ఒప్పేసుకుంటున్నాడు. 

"కాదన్నా. పాత బందూ బాగుంది. నేనే నిన్న వేరే నక్షత్రానికి గురిపెట్టాను."

అన్న గంతులు ఆగిపోయాయి. "అంటే... నా మ్యాచ్?"

"ఉత్తి పుణ్యానికి పోయింది," అంది ఏడుపు గొంతుతో.

"సరేలే, పద," అన్నాడు అన్న. అన్నాడే గానీ, నవ్వలేదు.

మర్నాడు కొత్త ఫోటోను సైన్స్ మేడం చేతిలో పెట్టి, లంచ్ బెల్ కొట్టగానే పిడుగు తన క్లాసు పిల్లలందర్నీ వెంటబెట్టుకుని తొమ్మిదో తరగతి గదికి వెళ్లింది. అక్కడ అందరూ తనకంటే పెద్దవాళ్లే.  అయినా టీచర్ కుర్చీ పక్కకు వెళ్లి నిలబడింది.

"మా అన్న బందు లొడలొడ కాదు! ధ్రువ నక్షత్రం ఏదో తెలియక గురి తప్పింది నేను. తప్పు అన్న మీదికి తోసేసింది కూడా నేనే. ఇక ఎవరూ అన్నని అలా పిలవకండి."

 అన్న సిగ్గుతో పుస్తకంలో తల దూర్చేశాడు.

"ఒరేయ్, లొడలొడ అంటున్నారనా నిన్న ఆటకి రాలేదు!" జట్టు కెప్టెన్ వెళ్లి అన్న వీపు మీద ఒక్కటి చరిచాడు. "నువ్వు లేక చిత్తుగా ఓడిపోయాం. సాయంత్రం ఇంకో ఆట ఉంది, వస్తున్నావు."

అన్న పుస్తకం దించాడు. నిన్న రాత్రి డాబా మీద మాయమైన నవ్వు ఆ మొహం మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఉంది.